ఒక్కటి చాలు: గణితంలో ప్రత్యుదాహరణ చేసే పని

1752లో గణితవేత్త క్రిస్టియన్ గోల్డ్‌బాక్ తన మిత్రుడు, మరో గణితవేత్త లియొనార్డ్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరాల్లో ఒక ఊహ ఉంది. 1 కంటే పెద్దదైన ఏ బేసి సంఖ్యనైనా ఒక ప్రధాన సంఖ్యకు ఏదో ఒక వర్గ సంఖ్య రెట్టింపును కలిపి రాయవచ్చన్నది దాని సారం. 9 కావాలంటే 7కు 1 రెట్టింపు కలపాలి. 15 కావాలంటే 7కు 4 రెట్టింపు. 21కి 3, 9 రెట్టింపు. 27కి 19, 4 రెట్టింపు. సున్నాను కూడా వర్గ సంఖ్యగా ఒప్పుకుంటే ప్రధాన సంఖ్యలతో ఇబ్బందే లేదు, వాటికి ఏమీ కలపనక్కరలేదు. ఆయిలర్ దీన్ని మొదట 1000 వరకు, తర్వాత 2500 వరకు లెక్కవేసి చూశాడు. ఎక్కడా తప్పలేదు. వందేళ్లకు పైగా గడిచాక, 1856లో, మొరిట్జ్ స్టెర్న్ అనే జర్మన్ గణితవేత్త తన విద్యార్థులతో కలిసి ఇంకా ముందుకు లెక్కించుకుంటూ వెళ్తే 5777 దగ్గర ఊహ తప్పింది. మరికొంత దూరంలో 5993 దగ్గర ఇంకోసారి తప్పింది. ఆ తర్వాత కంప్యూటర్లు ఎంత దూరం వెదికినా మూడోది దొరకలేదు.

5777 అంటే 53, 109ల లబ్ధం. అది ఈ ఊహను తప్పిస్తుందని నమ్మడానికి ఎవరి మాటా అక్కరలేదు. 1 నుంచి 53 వరకు ఉన్న సంఖ్యల వర్గాలను రెట్టింపు చేసి, ఒక్కొక్కటిగా 5777 నుంచి తీసివేయాలి. వచ్చిన యాభై మూడు ఫలితాల్లో ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాదు. సాయంత్రానికి ముగిసే పని. 5777 కంటే ముందున్న బేసి సంఖ్యలన్నీ ఊహకు అనుకూలంగా నిలిచినా ఈ తనిఖీ ముందు వాటికి విలువ లేదు. గణితంలో మెజారిటీ లెక్కలోకి రాదు. వాక్యాన్ని తప్పించే ఇలాంటి ఒక్క ఉదాహరణనే ప్రత్యుదాహరణ అంటారు.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం చెప్పేదే. "ప్రత్యుదాహరణతో తప్పని చూపండి" అని ఒక మార్కు ప్రశ్న ఇస్తారు, పిల్లలు 2 అనో సున్నా అనో రాసి పక్క ప్రశ్నకు వెళ్లిపోతారు. అసలు ఆసక్తికరమైన సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. కొన్ని ప్రత్యుదాహరణలు "కాదు" అని మాత్రమే చెప్పి ఊరుకుంటాయి. కొన్ని ఎందుకు కాదో కూడా చెబుతాయి. ఈ రెండో రకం దొరికినప్పుడు వాక్యం పోయినా గణితం పెరుగుతుంది. 5777 మొదటి రకానిది. ఆ సంఖ్యే ఎందుకు తప్పిందో దాన్ని చూస్తే తెలియదు.

ఏది ప్రత్యుదాహరణ, ఏది కాదు

ముందు తర్కం సంగతి తేల్చుకుందాం, ఇందులో పొరపాట్లు ఎక్కువ. "అన్నీ ఇలాగే ఉంటాయి" అన్న వాక్యానికి వ్యతిరేకం "ఏదీ ఇలా ఉండదు" కాదు. "ఇలా లేనిది కనీసం ఒకటుంది" అంతే. ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే అన్నవాణ్ణి కాదనడానికి బేసి ప్రధాన సంఖ్యలు లేవని చూపనక్కరలేదు. 2ను చూపితే చాలు. బరువంతా "అన్నీ" అన్నవాడి మీదే ఉంటుంది. అతను అనంతమైన సందర్భాలకు జవాబు చెప్పాలి, కాదనేవాడు ఒక్కటి చూపితే సరి.

వాక్యం "ఉంది" అని అన్నప్పుడు ఈ బరువు భుజం మారుతుంది. "వర్గం సరిగ్గా 2 అయ్యే భిన్నం ఒకటుంది" అని ఎవరైనా అంటే, ఐదింట ఏడు వర్గం 49/25, అది 2 కాదు అని చూపడం వల్ల ఏమీ తేలదు. పన్నెండింట పదిహేడు పనికిరాదని చూపినా అంతే. ఏ భిన్నమూ పనికిరాదని నిరూపించాలి. ఇక్కడ ప్రత్యుదాహరణ అనే ఆయుధం పనిచేయదు, పూర్తి నిరూపణే కావాలి.

షరతుతో కూడిన వాక్యాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. "కర్ణాలు ఒకదానికొకటి లంబంగా ఉన్న చతుర్భుజాలన్నీ సమచతుర్భుజాలే" అన్న వాక్యాన్ని తీసుకోండి. దీన్ని తప్పని చూపడానికి కొందరు దీర్ఘచతురస్రాన్ని గీస్తారు, అది సమచతుర్భుజం కాదు కదా అని. కానీ చతురస్రం కాని దీర్ఘచతురస్రంలో కర్ణాలు లంబంగా ఉండవు. వాక్యం దాని గురించి అసలు మాట్లాడనే లేదు. ప్రత్యుదాహరణ షరతును పూర్తిగా పాటించాలి, ముగింపును మాత్రం పాటించకూడదు. గాలిపటం ఆకారాన్ని గీయండి: పైన రెండు పొట్టి భుజాలు, కింద రెండు పొడుగు భుజాలు. కర్ణాలు లంబంగానే ఉంటాయి, భుజాలు నాలుగూ సమానం కావు. ఇది సరైన ప్రత్యుదాహరణ. దీనివల్ల "సమచతుర్భుజం కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి" అన్న విపర్యయానికి చిన్న గీత కూడా పడదు. అది వేరే వాక్యం, దాని నిరూపణ దానికుంది.

ఒకటి దొరికినప్పుడు తరచూ వినిపించే మాట: "అదొక్కటి మినహాయింపు, మిగతావన్నీ సరే." ఇది గణితంలో చెల్లుతుందా? చెల్లుతుంది, కానీ మినహాయింపును వాక్యంలోనే రాసి, ఆ కొత్త వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి నిరూపించాలి. "2 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే" అన్నది నిజం, కారణం కూడా కళ్ల ముందే ఉంది: సరి సంఖ్యలన్నింటినీ 2 భాగిస్తుంది, అందులో 2 ఒక్కదానికే ఆ భాజకం తానే అవుతుంది. "5777, 5993 తప్ప బేసి సంఖ్యలన్నీ గోల్డ్‌బాక్ చెప్పినట్టే ఉంటాయి" అన్నది మాత్రం మరో ఊహ మాత్రమే. రెండు మినహాయింపులు చేర్చుకున్నంత మాత్రాన దానికి నిరూపణ రాలేదు.

నలభై విజయాల తర్వాత

ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను, ఆపై 41ని కలపండి. 0తో మొదలుపెడితే 41 వస్తుంది. 1కి 43, 2కి 47, 3కి 53, 4కి 61. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆయిలర్ 1772లో ప్రస్తావించిన ఈ సూత్రం 39 వరకు ఒక్కసారి కూడా తప్పదు, 39కి వచ్చేది 1601. నలభై వరుస విజయాలు. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41ని 41తో గుణించినది.

ఒక్కొక్కటిగా లెక్కించుకుంటూ వచ్చినవారికి ఇది పిడుగుపాటే. సూత్రాన్ని కాసేపు తేరిపార చూసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. 41ని ఎక్కించి చూడండి: 41 వర్గం, 41, మరో 41. మూడింటినీ 41 భాగిస్తుంది, కాబట్టి మొత్తాన్నీ భాగిస్తుంది. లెక్క వేయకముందే ఓటమి కనిపిస్తోంది. 40కి వచ్చినా అంతే, 40 వర్గానికి 40 కలిపితే 40 సార్లు 41, దానికి ఇంకో 41 చేరితే 41 సార్లు 41.

ఈ ప్రత్యుదాహరణ కారణం చెప్పే రకం కాబట్టి ఒక్క సూత్రంతో ఆగదు. పూర్ణసంఖ్యల గుణకాలున్న ఇలాంటి బహుపది ఏదైనా ఒకచోట ఒక ప్రధాన సంఖ్యను ఇచ్చిందనుకోండి. అక్కడి నుంచి సరిగ్గా అంత దూరం ముందుకు వెళ్తే, అక్కడ వచ్చే విలువను కూడా ఆ ప్రధాన సంఖ్యే భాగిస్తుంది. మళ్లీ అంత దూరం వెళ్తే మళ్లీ అంతే. విలువలు పెరుగుతూ పోతాయి కాబట్టి ఎక్కడో ఒకచోట సంయుక్త సంఖ్య రాక తప్పదు. అంటే ఎప్పుడూ ప్రధాన సంఖ్యలనే ఇచ్చే బహుపది, ఒకే విలువ దగ్గర నిలిచిపోయేది కాకపోతే, అసలు ఉండదు. ఒక సూత్రం కూలిన చోట ఒక కుటుంబం మొత్తం కూలింది. అలాగని ఆ నలభై వరుస విజయాలు కేవలం అదృష్టం అనుకోకూడదు. వాటి వెనక 163 అనే సంఖ్యకు సంబంధించిన లోతైన కారణం ఉంది, అది వేరే వ్యాసానికి సరిపడా కథ.

641ని ఎలా పట్టుకున్నారు

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా ఊహ దీనికంటే గట్టి పరీక్ష. 2ను 1, 2, 4, 8, 16 అనే ఘాతాలకు పెంచి ప్రతిదానికీ 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఘాతాన్ని ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే ఎప్పుడూ ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫెర్మా 1640 ప్రాంతంలో తన ఉత్తరాల్లో రాశాడు. తన దగ్గర నిరూపణ లేదని కూడా ఒప్పుకున్నాడు. తర్వాతి సంఖ్య 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపితే వచ్చేది: 4294967297. దీన్ని చేత్తో పరీక్షించాలంటే 65536 లోపు ప్రధాన సంఖ్యలన్నింటితో భాగించి చూడాలి. అవి 6542 ఉన్నాయి.

1732లో ఆయిలర్ ఇది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని ప్రకటించాడు, భాగఫలం 6700417. అంత పెద్ద అడవిలో 641 ఎలా దొరికింది? ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయన తర్వాత నిరూపించాడు. ఈ ఒక్క షరతుతో వెదకాల్సిన జాబితా ఎంత చిక్కిపోతుందో చూడండి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో 65, 129, 321, 385, 513 ప్రధాన సంఖ్యలు కావు. మిగిలినవి 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే పని ముగుస్తుంది. 6542 భాగహారాల స్థానంలో ఐదు.

భాగహారం చేయకుండానే 641ని సరిచూసే దారి కూడా ఉంది, చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. 640 అంటే 5ను 2⁷తో గుణించినది, కాబట్టి 641తో భాగిస్తే దాని శేషాన్ని −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే శేషం 1. అంటే 5⁴, 2²⁸ల లబ్ధానికి శేషం 1. కానీ 5⁴ అంటే 625, అది 641కి 16 తక్కువ, అంటే శేషాల లెక్కలో −2⁴. రెండూ కలిపితే −2³²కు శేషం 1 అని తేలుతుంది. అంటే 2³²కు 1 కలిపితే 641 భాగిస్తుంది.

ఫెర్మా ఊహ ఎంత ఘోరంగా తిరగబడిందంటే, 65537 తర్వాత ఈ వరుసలో ఇప్పటివరకు ఒక్క కొత్త ప్రధాన సంఖ్య కూడా బయటపడలేదు. తర్వాతి ఇరవై ఎనిమిదీ సంయుక్త సంఖ్యలేనని తేలిపోయింది.

ఆయిలర్ వంతు

ఇతరుల ఊహలను ఇంత చాకచక్యంగా కూల్చినవాడు తన ఊహలతో మాత్రం రెండుసార్లు దెబ్బతిన్నాడు, రెండూ ఆయన పోయిన నూట డెబ్బై ఏళ్ల తర్వాతే.

మొదటిది 1769 నాటిది. ఒక సంఖ్య ఐదో ఘాతాన్ని చిన్న ఐదో ఘాతాల మొత్తంగా రాయాలంటే కనీసం ఐదు కావాలి, నాలుగో ఘాతానికి నాలుగు కావాలి, ఇలా అన్ని ఘాతాలకూ అన్నాడు. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు సీడీసీ 6600 కంప్యూటర్‌తో వెదికి ఇది కనుక్కున్నారు:

27⁵ + 84⁵ + 110⁵ + 133⁵ = 144⁵

వారి వ్యాసం రెండే రెండు వాక్యాలు. రాయడానికి అంతకంటే ఏముంది? పాఠకుడు కావాలంటే ఒక చిన్న తనిఖీ చేసుకోవచ్చు. ఏ సంఖ్యకైనా ఐదో ఘాతం చివరి అంకె ఆ సంఖ్య చివరి అంకెలాగే ఉంటుంది. 7, 4, 0, 3 కలిపితే 14, చివర 4; అవతలా 144 చివర 4. ఇది నిరూపణ కాదు, మొదటి జల్లెడ మాత్రమే. పూర్తి గుణకారం కాగితం మీద ఓ అరగంట పని. అయితే ఈ సమీకరణం కూడా 5777 లాగే మూగది. తప్పిందని చెబుతుంది, ఎందుకో చెప్పదు.

నాలుగో ఘాతాల సంగతి వేరేలా సాగింది. 1988లో ప్రచురించిన పనిలో నోమ్ ఎల్కీస్ గుడ్డిగా వెదకకుండా, ఈ సమస్యను దీర్ఘవృత్తీయ వక్రాలు అనే ఒక ప్రత్యేక రకం వక్రాల అధ్యయనంగా మార్చుకున్నాడు. 2682440, 15365639, 18796760 సంఖ్యల నాలుగో ఘాతాల మొత్తం 20615673 నాలుగో ఘాతమని తేల్చాడు. పద్ధతిలోనే కారణం ఉంది కాబట్టి ఇలాంటివి అనంతంగా ఉన్నాయని కూడా అదే పనిలో తేలింది. ఆరో ఘాతం, ఆ పైన ఆయిలర్ ఊహకు ఇప్పటికీ ప్రత్యుదాహరణ లేదు, నిరూపణా లేదు.

రెండో దెబ్బ ఇంకా విచిత్రం. ఆరు దళాల నుంచి, ఆరు హోదాల్లో మొత్తం 36 మంది అధికారులు. ప్రతి అడ్డువరుసలోనూ ప్రతి నిలువువరుసలోనూ ప్రతి దళం, ప్రతి హోదా ఒక్కొక్కసారే వచ్చేలా వీరిని చదరంగా నిలబెట్టాలి. సాధ్యం కాదని 1782లో ఆయిలర్ భావించాడు. అంతేకాదు, 4తో భాగిస్తే శేషం 2 వచ్చే 6, 10, 14, 18 లాంటి ఏ పరిమాణంలోనూ సాధ్యం కాదన్నాడు. పరిమాణం 2 అయితే కుదరదని ఎవరైనా నిమిషంలో చూడగలరు. 6కి కూడా కుదరదని 1900 ప్రాంతంలో గాస్తోన్ తారీ ఓపికగా అన్ని సందర్భాలూ విడదీసి తేల్చాడు. ఊహ నిజమేనన్న నమ్మకం బలపడింది. 1959లో రాజ్ చంద్ర బోస్, శరద్‌చంద్ర శంకర్ శ్రీఖండే కలిసి పరిమాణం 22కి ఒక అమరికను నిర్మించారు. అదే ఏడాది ఎర్నెస్ట్ పార్కర్ 10కి నిర్మించాడు. ముగ్గురూ కలిసి 6 కంటే పెద్దదైన ప్రతి పరిమాణానికీ అమరిక ఉందని నిరూపించారు. ఈ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకి ఎక్కింది. ఆయిలర్ మాట నిజమైన సందర్భాలు మొత్తం రెండే: 2, 6. అందరూ పరీక్షించగలిగినవీ ఆ రెండే. ఊహకు దొరికిన సాక్ష్యమంతా దాని మినహాయింపుల నుంచి వచ్చిందన్నమాట.

ఎవరూ చూడని ప్రత్యుదాహరణ

ప్రత్యుదాహరణ అంటే చేతిలో పెట్టి చూపగలిగేదే అనుకుంటాం. అలా కానక్కరలేదు. భిన్నంగా రాయలేని సంఖ్యను కరణీయ సంఖ్య అంటారు. "కరణీయ సంఖ్యను కరణీయ సంఖ్య ఘాతానికి పెంచితే ఎప్పుడూ కరణీయ సంఖ్యే వస్తుంది" అన్న వాక్యం చూద్దాం. √2ను √2 ఘాతానికి పెంచండి. వచ్చినది భిన్నంగా రాయగలిగేదైతే వాక్యం అక్కడికక్కడే తప్పు. కాకపోతే అదే కరణీయ సంఖ్య. దాన్ని మళ్లీ √2 ఘాతానికి పెంచండి. ఘాతాంకాలు గుణించుకుంటాయి, √2ను √2తో గుణిస్తే 2, కాబట్టి చివరికి మిగిలేది √2 వర్గం, అంటే సరిగ్గా 2. రెండింట్లో ఏదో ఒకటి ప్రత్యుదాహరణ. ఏదో తెలియకుండానే వాక్యం కూలిపోయింది. (1934లో గెల్ఫోండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన సిద్ధాంతం వల్ల ఆ రెండోదే అని ఇప్పుడు తెలుసు.)

పెద్ద ఊహలకు కూడా ఇలా జరిగింది. జార్జ్ పోల్యా 1919లో ఒక ప్రశ్న లేవనెత్తాడు. ప్రతి సంఖ్యనూ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, అవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. 12 అంటే 2, 2, 3, కాబట్టి మూడు. 1 నుంచి లెక్కపెట్టుకుంటూ (1కి కారణాంకాలు సున్నా, అది సరి లెక్క) 2 దగ్గర గానీ ఆపైన ఎక్కడ గానీ ఆగి చూస్తే, బేసి లెక్క వచ్చిన సంఖ్యలు కనీసం సగం ఉంటాయా? 1958లో హాసెల్‌గ్రోవ్ ఉండవని నిరూపించాడు, కానీ ఎక్కడ తప్పుతుందో చూపలేదు. ఒక నిర్దిష్ట సంఖ్యను 1960లో లేమన్ చూపాడు. అన్నిటికంటే చిన్నదాన్ని 1980లో తనాకా కనుక్కున్నాడు: 906150257. తొంభై కోట్ల వరకు ఒక్కసారీ తప్పని ఊహ అది.

మెర్టెన్స్ ఊహ దీన్ని కూడా మించింది. 1 నుంచి లెక్కపెడుతూ, ఏ ప్రధాన సంఖ్యా రెండుసార్లు రాని సంఖ్యలకు మాత్రమే గుర్తులు వేయాలి: కారణాంకాల లెక్క సరి అయితే +1, బేసి అయితే −1. మిగతావాటికి సున్నా. ఈ గుర్తులను కలుపుకుంటూ పోతే వచ్చే మొత్తం, గుర్తును పక్కనపెడితే, అప్పటిదాకా వచ్చిన సంఖ్య వర్గమూలాన్ని ఎప్పుడూ దాటదని 1897లో ఊహించారు. ఇదే నిజమై ఉంటే ప్రధాన సంఖ్యల గురించి రీమాన్ చేసిన ప్రసిద్ధ పరికల్పన కూడా నిరూపితమయ్యేది, అందుకే దీనిమీద అంత ఆశ. 1985లో ఒడ్లిజ్కో, టె రీల్ ఇది తప్పని తేల్చారు. 10¹⁶ వరకు వెదికినా తప్పిన సంఖ్య ఒక్కటీ కనబడలేదు. ఇక్కడ కారణం చేతిలో ఉంది, ఉదాహరణే లేదు. 5777కు సరిగ్గా తిరగేసిన పరిస్థితి. రెండింట్లో ఏది మేలని అడిగితే నేను ఇదే అంటాను: సంఖ్య దొరకకపోయినా తప్పడం అనివార్యమని అర్థమైంది.

విరిగిన మెట్టు

నిరూపణను తప్పని చూపడం, సిద్ధాంతాన్ని తప్పని చూపడం ఒకటి కాదు. ఏ పటాన్నైనా, సరిహద్దు పంచుకునే ప్రాంతాలకు వేర్వేరు రంగులు వచ్చేలా, నాలుగు రంగులతో నింపవచ్చని 1879లో ఆల్‌ఫ్రెడ్ కెంప్ నిరూపణ ప్రచురించాడు. పదకొండేళ్లు అందరూ ఒప్పుకున్నారు. 1890లో పెర్సీ హీవుడ్ ఒక పటాన్ని గీసి చూపాడు. ఆ పటానికి నాలుగు రంగులు చాలవని కాదు, చక్కగా సరిపోతాయి. కెంప్ చెప్పిన రంగులు మార్చే పద్ధతి మాత్రం ఆ పటం మీద పనిచేయదు. అంటే హీవుడ్‌ది నిరూపణలోని ఒక మెట్టుకు ప్రత్యుదాహరణ. ఆ మెట్టు ఎక్కడ విరిగిందో స్పష్టంగా తెలిసింది కాబట్టే, మిగిలిన సామగ్రితో ఐదు రంగులు ఎప్పుడూ సరిపోతాయని హీవుడ్ అక్కడే నిరూపించగలిగాడు. నాలుగు రంగుల సిద్ధాంతం నిలబడింది, కాకపోతే 1976లో అపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో నిరూపించేదాకా ఆగాల్సి వచ్చింది.

ప్రత్యుదాహరణ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. సున్నా, 1, ఋణ సంఖ్యలు, భిన్నాలు వేసి చూడమని ఉపాధ్యాయులు చెబుతారు, మంచి సలహానే. కానీ ముందు వాక్యాన్ని నిరూపించే ప్రయత్నం చేయడం అంతకంటే మేలు. "చిన్న సంఖ్య వర్గం పెద్ద సంఖ్య వర్గం కంటే చిన్నది" అన్నదాన్ని నిరూపించబోతే, వర్గాల తేడా అంటే సంఖ్యల తేడాను వాటి మొత్తంతో గుణించినదే అని రాస్తాం. తేడా ధనాత్మకం, సరే. మొత్తం? అది ధనాత్మకమని ఎవరు చెప్పారు? నిరూపణ ఆగిన చోటే ప్రత్యుదాహరణ చిరునామా ఉంది: మొత్తం ఋణాత్మకమయ్యేలా −3, 2 తీసుకోండి. −3 చిన్నది, దాని వర్గం 9, అవతల 4. వాక్యాన్ని బాగుచేసే షరతు కూడా అక్కడే ఉంది: రెండింటి మొత్తం ధనాత్మకమైతే చాలు, రెండూ ధన సంఖ్యలు కానక్కరలేదు.

బహుముఖుల గురించి ఆయిలర్ చెప్పిన సూత్రానికి జరిగింది ఇదే, ఇంకా పెద్ద స్థాయిలో. శీర్షాల లెక్కలోంచి అంచుల లెక్క తీసి ముఖాల లెక్క కలిపితే 2 వస్తుందని ఆ సూత్రం. సమఘనానికి 8, 12, 6: సరిపోయింది. 1813లో సిమోన్ లుయిలియే తప్పే ఆకారాలను చూపాడు. ఏటవాలు అంచులున్న చదరపు పటపుచట్రాన్ని ఊహించుకోండి, నాలుగు మూలల్లోనూ నాలుగేసి శీర్షాలు: 16 శీర్షాలు, 32 అంచులు, 16 ముఖాలు. ఫలితం సున్నా. లోపల చిన్న ఘనాకారపు ఖాళీ ఉన్న పెద్ద సమఘనానికి 16, 24, 12: ఫలితం 4. "ఇవి బహుముఖులే కావు" అని వాటిని గెంటేయవచ్చు, కొందరు గెంటేశారు కూడా. గెంటేయనివారు ఆ సున్నాను, నాలుగును శ్రద్ధగా చూశారు. ఆరపార రంధ్రం ఒక్కొక్కటి 2 తగ్గిస్తోంది, లోపలి ఖాళీ ఒక్కొక్కటి 2 పెంచుతోంది. సూత్రం తప్పలేదు, రంధ్రాలను లెక్కపెడుతోంది. ఉపరితలాల ఆకృతిని అధ్యయనం చేసే గణితానికి ఇది తొలి అడుగుల్లో ఒకటి.

ఇంకా తేలని వాక్యాల్లో బాగా పాతవాటిలో ఒకటి పరిపూర్ణ సంఖ్యలది. తన కంటే చిన్నవైన భాజకాల మొత్తం తనకు సమానమైతే ఆ సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు: 6కి 1, 2, 3, 28కి 1, 2, 4, 7, 14. దొరికినవన్నీ సరి సంఖ్యలే. "పరిపూర్ణ సంఖ్యలన్నీ సరి సంఖ్యలే" అన్నదానికి నిరూపణ లేదు, ప్రత్యుదాహరణ ఒకటుంటే అది 10¹⁵⁰⁰ కంటే పెద్దదై ఉండాలని 2012లో తేలింది. 1638లో డెకార్ట్ మాత్రం చాలా దగ్గరికి వచ్చాడు. 3, 7, 11, 13ల వర్గాలను గుణించి, దాన్ని 22021తో గుణించాడు. వచ్చినది 198585576189, బేసి సంఖ్య. 22021ని ప్రధాన సంఖ్యగా లెక్కించి భాజకాలన్నీ, ఆ సంఖ్యతో సహా, కూడితే సరిగ్గా దానికి రెట్టింపు వస్తుంది, పరిపూర్ణ సంఖ్యకు రావలసినట్టే. ప్రత్యుదాహరణకు కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్క షరతు తప్ప: 22021 అంటే 19ని 19తో, ఆపై 61తో గుణించినది.